కింద నుంచి చూడాల్సిన ముఖం

మా ఊళ్ళో కార్నివాల్ పండగ శకటం మీద ఎక్కే బొమ్మ ముఖం దగ్గర నుంచి చూస్తే వికారంగానే ఉండాలి. అందంగా ఉందంటే ఎవడో పని చెడగొట్టాడన్నమాట. ఆ ముఖం రెండంతస్తుల ఎత్తున ఊరేగుతుంది. చూసేవాడు వీధిలో రాళ్ళ మీద నిలబడి మెడ రిక్కించి చూస్తాడు. మామూలు మనిషి ముఖం చేసి అంత ఎత్తున పెడితే వాడికి కనబడేది గడ్డమూ, రెండు ముక్కు రంధ్రాలూ. అందుకని నుదురు గుమ్మడికాయంత పెంచి ముందుకి వంచాలి. కళ్ళు కిందికి దించాలి. గడ్డం వెనక్కి నొక్కాలి. అప్పుడు కింద నుంచి చూసేవాడికి అది ముఖం అవుతుంది. ఈ సంగతి మా నాన్నకి వాళ్ళ నాన్న చెప్పాడు, నాన్న నాకూ తమ్ముడికీ చెప్పాడు. ఇంత తెలిసిన ఇంట్లో ఆ ఏడాది అందమైన ముఖం ఒకటి తయారయింది.

నాన్న పేరు ఒరోంజో. ఊరంతా మాస్టారంటుంది. బంకమట్టితో తలలు మలిచేది ఆయన. లోపలి ఇనప చట్రాలూ, మెడ తిప్పే మరలూ తమ్ముడు సవేరియో పని. రంగులు నావి. నా పేరు నూన్సియా. రంగుల కంటే నా నోటికే ఊళ్ళో ఎక్కువ పేరు.

డిసెంబరు చివర్లో, సెయింట్ స్టీఫెన్ పండగ అయిన మర్నాడు, కార్నివాల్ సంఘం శకటాలు చేసేవాళ్ళందర్నీ మునిసిపల్ హాలుకి పిలిచింది. కొత్త కార్యదర్శి ఎర్మెలిందా. మా వీధి పిల్లే. మిలాన్‌లో చదువుకుని, అక్కడే ఉండిపోకుండా తిరిగొచ్చింది. అందుకే ఆ పిల్లని తిట్టాలన్నా మాకు నోరు రాదు.

"ఈ ఏడు నుంచి వంద మార్కుల్లో ముప్ఫై జనమే వేస్తారు," అంది.

"ఇన్నాళ్ళూ వేసింది గొర్రెలా?" అన్నాడు నాన్న.

అందరూ నవ్వారు. ఎర్మెలిందా కూడా నవ్వి, "ఫోన్లలో చూసే జనం, మాస్టారూ. ప్రతి షెడ్డుకీ ఒక పేజీ ఉండాలి. పని ఎంతవరకు వచ్చిందో వారం వారం వీడియో పెట్టాలి. ఎవరికి ఎక్కువ గుండె గుర్తులు వస్తే వాళ్ళకి ఆ మార్కులు," అంది.

హాల్లో గోల మొదలైంది. ఉండదూ మరి? కార్నివాల్ మొదటి ఆదివారం దాకా మా షెడ్ల తలుపులకి లోపలి నుంచి గోనెపట్టాలు కట్టి ఉంటాయి. పక్క షెడ్డువాడి బొమ్మ ఏమిటో తెలుసుకోడానికి పెంకులెక్కి, జారిపడి, కాలు విరగ్గొట్టుకుని, 'పిల్లిని పట్టుకోబోయాను' అని చెప్పిన మహానుభావులున్నారు మాలో. అటువంటి వాళ్ళని పట్టుకుని వారం వారం చూపించమంటే ఎలా?

"పెళ్ళికూతుర్ని ముహూర్తానికి ముందే సంతలో తిప్పుతారామ్మా?" అన్నాడు నాన్న.

"ఆ పెళ్ళికి ఎవరూ రావట్లేదు కద మాస్టారూ," అంది ఎర్మెలిందా మెల్లగా. "పోయినేడు బస్సులు నిలిపే మైదానంలో పిల్లలు బంతాట ఆడుకున్నారు. మీరూ చూశారుగా."

అందరం చూశాం. ఎర్మెలిందా ఇంకో మాట కూడా చెప్పింది. షెడ్లు పాతబడ్డాయి, బాగుచెయ్యడానికి ఒకటి ఖాళీ చెయ్యాలి. మొత్తం మార్కుల్లో అందరికంటే వెనకబడ్డవాళ్ళు పైయేడు నుంచి పాత నూనె గానుగ నేలమాళిగలో పనిచేసుకోవాలి. ఆ నేలమాళిగ కప్పు చెయ్యెత్తితే అందుతుంది. అక్కడ శకటం కాదు కదా, దాని చెప్పులు కూడా చెయ్యలేం.

ఆ ఫోను మీద నాకు మొదట్నుంచీ కోపమే. మా బొమ్మల ఒంట్లో ఉండేది పాత వార్తాపత్రికలు. పీలికలు చేసి, పిండి ఉడకబెట్టిన బంకలో ముంచి, ప్లాస్టర్ అచ్చులో పొర మీద పొర అంటిస్తాం. ఇప్పుడు ఊళ్ళో పేపరు కొనేవాళ్ళేరీ? మంగలి షాపుకీ, చర్చి ఫాదరు దగ్గరకీ సంచీ పట్టుకుని బిచ్చానికి వెళ్ళినట్టు వెళ్తున్నాను. మా కాగితం తినేసిన ఫోనే ఇప్పుడు మా బొమ్మ కూడా కావాలంటోంది. అలాగని నేనేమీ సన్నాసినిని కాదు. నేను రంగులేసిన ఒక సింహం తల ఫొటో చూసి బారీ నగరం నుంచి తోలుబొమ్మలాటవాళ్ళెవరో పని ఇచ్చారు. ఎవరో ముక్కూ మొహం తెలీనివాళ్ళు 'ఆహా' అంటే ఆ పూటంతా నాకు అన్నం రుచిగా ఉంటుంది. మింగలేక కక్కలేక అన్నట్టుగానే పేజీ తెరిచాను.

సవేరియో పరంజా మీద, సరిగ్గా మట్టి తలకి ఎదురుగా, ఫోను పట్టే ఇనప చెయ్యి ఒకటి బిగించాడు. మొదటి వీడియో నాన్నకి తెలీకుండానే తీశాం. మట్టిలో రాయి తగిలి ఆయన దాని తల్లినీ, దాని ముత్తాతనీ తిడుతూ, బొటనవేలితో ఒక్క ఒత్తు ఒత్తి చెవి మలిచేశాడు. మర్నాటికి ఆ చెవిని లక్ష మంది చూశారు.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని ఫోను దూరంగా పట్టుకున్నాడు. "ఎవరే వీళ్ళంతా?"

"మనుషులు, నాన్నా."

"ఈ జపాన్ ఆవిడ ఏమంటుందో చూడు. నావి దేవుడి చేతులట. మీ అమ్మ నలభై ఏళ్ళు కాపురం చేసింది, ఏనాడైనా అందా?"

"అమ్మ ఆ చేతులు కడుక్కుని అన్నానికి రమ్మనేది."

"అదే అంటున్నాను."

వారం తిరిగేసరికి మట్టి పనికి ఇస్త్రీ చొక్కా వేసుకొస్తున్నాడు. గడ్డం రోజూ గీసుకుంటున్నాడు. ఒకసారి ముక్కు బాగా కుదిరితే, ఫోను ఆన్ చెయ్యలేదని తెలిసి, ఆ ముక్కు పడగొట్టి మళ్ళీ చేశాడు. నేను పడీపడీ నవ్వాను. "నవ్వు నవ్వు. నీకు ఈర్ష్య," అన్నాడు.

అంతా వేషమే అంటే అన్యాయం చేసినదాన్నవుతాను. బ్వేనోస్ ఐరెస్ నుంచి ఒక ముసలావిడ రాసింది. చిన్నప్పుడు ఓడెక్కి వెళ్ళిపోయిందట, మా వీధిలోనే పుట్టిందట. 'మీ షెడ్డు పక్కన రాతిమెట్లు ఉండాలి, మూడో మెట్టు విరిగి ఉండేది, ఇంకా ఉందా?' అని అడిగింది. నాన్న నన్ను వానలో తరిమాడు. నేను ఆ మెట్లు తీసి పంపాను. మూడో మెట్టు అలాగే విరిగి ఉంది. ఆవిడ జవాబు చదివి నాన్న చాలాసేపు ముక్కు చీదుకుంటూ కూర్చున్నాడు. అదీ ఆ ఫోనే చేసింది.

మేము ఆ ఏడు చేస్తున్నది బాల్కనీలో ముసలమ్మ. ఇనప ఊచల బాల్కనీ, తీగ మీద ఆరేసిన బట్టలు, తాడు కట్టిన బుట్ట, ఊచల మీదుగా వీధిలోకి వంగిన పెద్ద ముసలమ్మ. ఊరి మీద వేళాకోళం అన్నాడు నాన్న. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

జనవరి మధ్యలో ఒక పొద్దున కాఫీ పట్టుకుని వెళ్ళాను. మట్టి ముఖం రాత్రికి రాత్రే పూర్తయింది. నేను పరంజా కింద నిలబడి తలెత్తాను. కింది పెదవి ఒక పక్కకి లాగి, కనుబొమ మీదికెత్తి, ఇంకా అడగని ప్రశ్నని నోట్లో పెట్టుకుని మా అమ్మ నన్ను చూస్తోంది.

అమ్మ పోయి నాలుగేళ్ళు. పేరు పాస్కా. వీధికంతటికీ పాస్కత్త. ఆవిడ బతుకు సగం బాల్కనీలోనే గడిచింది. కింద ఎవరు వెళ్ళినా 'ఎక్కడికి? ఎందుకు? మీ అమ్మకి జ్వరం తగ్గిందా?' అని అడిగేది. బదులు చెప్పకుండా దాటిన మగాడు లేడు. మేయరు కూడా ఒకసారి ఆగి, తన కడుపునొప్పి సంగతి పూర్తిగా చెప్పి వెళ్ళాడు. తిట్టుకునేవారు, విసుక్కునేవారు, చెప్పేవారు. ఆవిడ పోయాక మా వీధిలో అడుగుల చప్పుడు తప్ప మరొకటి వినబడటం లేదు.

కాఫీ నాన్నకిచ్చాను. ఆయన నా ముఖం చూడలేదు, నేను ఆయన ముఖం చూడలేదు. "చక్కెర తక్కువైంది," అన్నాడు.

ఆ ముఖం వీడియో సవేరియో ఆ సాయంత్రమే పెట్టాడు. పరంజా మీది ఫోనుతో, ఎదురుగా తీసింది. అక్కడి నుంచి చూస్తే నుదురు గుమ్మడికాయే. కళ్ళు చూపు తిన్నగా లేని కళ్ళే. గడ్డం అసలు లేదు. కామెంట్లు మొదలయ్యాయి. మాస్టారికి చేయి తప్పిందా? ఈవిడకి తలలో నీరు చేరిందా? మెల్లకన్ను. మంత్రగత్తె. నా పిల్లాడు జడుసుకున్నాడు, తీసెయ్యండి.

'ఇది కింద నుంచి చూడాలి బాబూ' అని పదిమందికి రాశాను. పదకొండోవాడు 'అయితే బోర్లించండి' అన్నాడు. వాణ్ణి మా ఊరి భాషలో తిట్టి ఊరుకున్నాను.

నాన్న మర్నాడు రొట్టె మీద నూనె పోసుకుంటూ అవన్నీ చదివాడు. ఒక్కటి వదల్లేదు. తర్వాత రొట్టె పక్కకి నెట్టేశాడు.

"మంత్రగత్తె అంటున్నారు."

"బొమ్మని నాన్నా. ఊరుకో."

"బొమ్మని కాదు," అన్నాడు.

ఆ రోజే నుదురు కొంచెం చెక్కాడు. 'ఇప్పుడు బాగుంది' అన్నారు ఫోనులో. మర్నాడు కళ్ళు పైకి లేపాడు. 'ఎంత బాగుందో' అన్నారు. గడ్డం తెచ్చి పెట్టాడు. 'మా అమ్మమ్మలా ఉంది' అని ఏడ్చే బొమ్మలు పెట్టారు. గుండెలు మూడింతలయ్యాయి. మేము అందర్నీ దాటి మొదటికి వచ్చాం. ఎర్మెలిందా ఫోన్ చేసి, పండగ పోస్టరు మీద మా ముసలమ్మ ముఖమే వేద్దామనుకుంటున్నాం అంది. సవేరియో ఆ రోజు సీసా తెరిచాడు. నేనూ తాగాను.

మధ్యలో నేను అడగకపోలేదు. ఇదివరకు నాన్న తల మలిచేటప్పుడు గంటకోసారి దిగి, పరంజా కింద నేల మీద వెల్లకిలా పడుకుని చూసుకునేవాడు. వీపంతా సున్నం. ఆ ఏడు ఆయన వీపు శుభ్రంగా ఉంది.

"దిగి చూశావా నాన్నా?"

"చూశానే. ఇదిగో, ఇందులో," అని ఫోను చూపించాడు. "ఎంత స్పష్టంగా కనబడుతుందో! నా మోకాళ్ళు ఒకసారి నేల మీదికి వెళ్తే మళ్ళీ లేవవు. దీనికి మోకాళ్ళు లేవు."

అచ్చు తీశాం. కాగితం అంటించాం, ఆరబెట్టాం, ఉప్పుకాగితంతో రుద్దాం, తెల్ల పూత పూశాం. నేను బుగ్గలకి రంగు వేశాను. ఫిబ్రవరి మొదట్లో, మొదటి ఆదివారానికి ఇంకా రెండు వారాలు ఉన్నాయనగా, సవేరియో గొలుసు లాగి ఆ తలని ఇనప మెడ మీదికి ఎక్కించాడు. తల ఊగకుండా నేను కింద తాడు పట్టుకున్నాను. తల కూర్చుంది. సవేరియో పైనుంచి ఈల వేశాడు.

నేను తలెత్తి చూశాను. రెండు గుహలు. వాటి కింద మెత్తని, నున్నని, తెల్లని గడ్డం. అంతే. కళ్ళు ఎక్కడో పైకప్పుని చూస్తున్నాయి. నుదురు లేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా అయింది మా పని.

"నాన్నా, ఒకసారి కిందికి రా."

"ఇక్కడి నుంచి కనబడుతోంది."

"నాన్నా, రా."

నా గొంతు ఎలా ఉందో ఏమో, వచ్చాడు. నేను నేల మీద పడుకున్నాను. ఆయన పరంజా కర్ర పట్టుకుని, మూలుగుతూ, ఇస్త్రీ చొక్కాతోనే నా పక్కన పడుకున్నాడు. ఇద్దరం పైకి చూశాం. సవేరియో గొలుసు చేతిలో పట్టుకుని మమ్మల్ని వింతగా చూస్తున్నాడు.

నాన్న అన్నాడు, "మీ అమ్మ ఏదే?"

ఆయన చెయ్యి ఇమ్మన్నాడు, లేపాను. వీపు దులుపుకోలేదు. గోడ దగ్గరికి వెళ్ళి పెద్ద రంపం తీశాడు.

"దించు," అన్నాడు సవేరియోతో.

"ఏం చేస్తున్నావ్ నాన్నా? పిచ్చెక్కిందా? మనం మొదట ఉన్నాం! పోస్టరు అచ్చుకి వెళ్తోంది! ఇప్పుడు దీన్ని కోస్తే షెడ్డు పోతుంది, తెలుసా నీకు? ఆ గానుగ కింద ఎలకల్లా బతకాలి!" అని అరిచాడు తమ్ముడు.

"బతుకుదాం."

"రెండు లక్షల మందికి నచ్చింది. నీ ఒక్కడికి నచ్చలేదా?"

"నాకూ నచ్చింది రా. అదే ఏడుపు," అన్నాడు నాన్న. "ఎవరికి నచ్చితే ఏం లాభం? మా పాస్కా రెండు ముక్కు రంధ్రాలతో ఊరేగదు. దించు."

సవేరియో గొలుసు వదిలేసి బయటికి పోయాడు. తలుపు ధన్‌మని కొట్టుకుంది. నేనే దించుదామని గొలుసు పట్టుకున్నాను, అది నాకు లొంగలేదు. కాసేపటికి తమ్ముడు సిగరెట్టు వాసనతో తిరిగొచ్చి, నా చేతిలోంచి గొలుసు లాక్కుని, మాట లేకుండా తల దించాడు. దించాక నాన్న చేతిలోంచి రంపం కూడా లాక్కున్నాడు. "నీ వల్ల కాదు. ఎక్కడ కొయ్యాలో గీత గియ్యి," అన్నాడు.

కనుబొమల మీద గీత గీశాడు నాన్న. నేను రంగేసిన బుగ్గల మీద కూడా. రంపం ఆడుతుంటే ఆ శబ్దం నా పళ్ళలోకి వెళ్ళింది. అయినా చెప్తున్నాను, ఆ సీజన్ మొత్తంలో నాకు అంత హాయిగా ఉన్న రోజు మరొకటి లేదు.

ఆ సాయంత్రం పేజీలో రెండు వాక్యాలు రాశాను. 'ముఖం మళ్ళీ చేస్తున్నాం. చూడాలంటే కార్నివాల్‌కి వచ్చి వీధిలో నిలబడండి.' గోనెపట్టా మళ్ళీ తలుపుకి కట్టాను. పరంజా మీది ఇనప చెయ్యి సవేరియోనే విప్పేశాడు. వాడికి అప్పటికి పౌరుషం వచ్చింది. పనిలోకి దిగితే వాడూ ఒరోంజో కొడుకే.

రెండో రోజుకే ఎర్మెలిందా కెమెరా అబ్బాయిని వెంటబెట్టుకుని వచ్చింది. తలుపు కొట్టింది, కొట్టింది, చివరికి పక్క సందులోంచి దూరి లోపలికి వచ్చేసింది. మా వీధి పిల్ల కదా, సందులన్నీ తెలుసు. వచ్చి చూసేసరికి తల నడినెత్తిన తెరుచుకుని ఉంది. నాన్న లోపల నిలబడి, మోచేతుల దాకా బంక పూసుకుని, కోళ్ళగూటి ఇనప వల మీద కాగితం పీలికలు అంటిస్తూ నుదురు కడుతున్నాడు.

"మాస్టారూ!" అని గుండెల మీద చెయ్యేసుకుంది. "ఏం చేశారిది? పోస్టరు!"

"పోస్టరు మీద పక్క షెడ్డువాళ్ళ మొసలిని వేసుకో. దానికి పళ్ళు బావుంటాయి."

"అంతమందికి నచ్చిన ముఖం అది. ఎందుకు కోశారో వాళ్ళకి ఏం చెప్పను నేను?"

"అంతమందిలో మన వీధిలో నిలబడి చూసేవాళ్ళు ఎంతమందో కనుక్కుని చెప్పు. వాళ్ళతో నేను మాట్లాడతాను."

"మీకిదంతా వెటకారంగా ఉంది," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆ పిల్లకి. "ఊరు చచ్చిపోతోంది మాస్టారూ. హోటలు మూశారు. ఇద్దరు ముగ్గురైనా వస్తారని తిరిగి తిరిగి చస్తున్నాను. మీరు తలుపు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది మీరున్నారని?"

నాన్న పని ఆపాడు. తలలోంచి మెడ బయటికి పెట్టి ఆ పిల్లని చూశాడు. కోపంగా కాదు.

"తలుపు తీస్తానమ్మా, ఎందుకు తియ్యను? బంక చూపించు, కాగితం చూపించు, నా చేతులు చూపించు, జపాన్ ఆవిడకి ముద్దు. ముఖం మాత్రం పట్టుకెళ్ళి ఎదురుగా పెట్టి చూపించను. అది ఎదురుగా చూసేది కాదు. నేను తప్పు చేసి నేర్చుకున్నాను, నువ్వు ఊరికే నేర్చుకో."

"అయితే మార్కులు పోతాయి."

"పోనీ," అన్నాను నేను. నాన్న కంటే ముందే అన్నాను. నేనే ఆశ్చర్యపోయాను.

ఆ రెండు వారాలూ దక్షిణం గాలి వీచింది. సముద్రం మీది తేమంతా మోసుకొచ్చే గాలి. బంక ఆరదు. మంట పెట్టి, తల చుట్టూ తిరుగుతూ, కట్టెలు ఎగదోస్తూ, ఒకరినొకరు తిట్టుకుంటూ ఆరబెట్టాం. పేజీలో గుండెలు తగ్గిపోయాయి. 'పొగరు' అని రాశారు. 'ముసలాడికి నెత్తికెక్కింది' అని రాశారు. చదవకూడదనుకుంటూనే చదివాను. చదివినప్పుడల్లా వెళ్ళి ఇంకో పూత వేసేదాన్ని. ఊరందరిదీ ఒకదారైతే ఉలిపికట్టెది ఒకదారి అన్నారు. ఉలిపికట్టెగా ఉండటంలో కూడా ఒక సుఖముంది.

ముందే చెప్పేస్తాను, మేము ఆ ఏడు అందరికంటే వెనకపడ్డాం. ఫోను మార్కుల్లో మాకు వచ్చింది సున్నాకి దగ్గర. ఇప్పుడు నేను ఇది గానుగ నేలమాళిగలో కూర్చునే రాస్తున్నాను. లేచి చెయ్యెత్తితే పైకప్పు తగులుతోంది. ఈసారి పడుకున్న రాక్షసుణ్ణి చేస్తున్నాం, మూడు ముక్కలుగా. వాడి పాదాల దగ్గర నుంచి చూడాలి వాణ్ణి. సరే, ఆ ఆదివారం సంగతి చెప్తాను.

ఆ ఏడు న్యాయనిర్ణేతలకి కొత్తగా పెద్ద వేదిక కట్టారు, ఇళ్ళ బాల్కనీలంత ఎత్తున. కెమెరాలకి బాగుంటుందట. ఎర్మెలిందా, న్యాయనిర్ణేతలు, కెమెరాలు అన్నీ అక్కడే. మా శకటం మలుపు తిరిగేసరికి నాకు ఆ వేదిక కనబడింది. అక్కడి నుంచి వాళ్ళకి కనబడేది గుమ్మడికాయ నుదురూ, కింద ఎవరి బూట్లనో వెతుకుతున్న మెల్లకళ్ళూ. వేదిక మీద ఒకాయన పక్కవాడి చెవిలో ఏదో అని నవ్వాడు.

నాన్న శకటం ముందు నడుస్తున్నాడు. ఆ నవ్వు చూశాడు. చెయ్యెత్తాడు. సవేరియో బ్రేకు తొక్కాడు. మొత్తం ఊరేగింపు ఆగిపోయింది. వెనక మొసలి శకటంవాళ్ళు హారన్లు మొదలెట్టారు.

"మాస్టారూ, ముందుకి పోనివ్వండి!" అని మైకులో ఎర్మెలిందా.

"పోను. మీరు కిందికి దిగండి."

"మార్కులు ఇక్కడి నుంచే వెయ్యాలి మాస్టారూ!"

"అక్కడి నుంచి చూసేది పావురాలు! నేను పావురాలకి చెయ్యలేదు. దిగండి!"

జనం పగలబడి నవ్వారు. 'దిగండి, దిగండి' అని ఎవరో అందుకున్నారు, వీధి మొత్తం అందుకుంది. న్యాయనిర్ణేతలు కుర్చీలకి అతుక్కుపోయారు. నాన్న కదల్లేదు. నడుం మీద చేతులు పెట్టుకుని వీధి మధ్యలో నిలబడ్డాడు. ఇది ఎలా ముగుస్తుందో నాకు తెలీలేదు. పోలీసులు వస్తారేమో అనుకున్నాను.

అప్పుడు సవేరియో మెడ మర తిప్పాడు. తల నెమ్మదిగా ఊచల మీదికి వంగింది. కింద రాళ్ళ మీద నిలబడ్డవాళ్ళు ఒక్కసారిగా తలలెత్తారు. నేనూ ఎత్తాను. నుదురు ఉంది, కళ్ళు ఉన్నాయి, పక్కకి లాగిన పెదవి ఉంది. ఎవరెక్కడ నిలబడ్డా అమ్మ వాళ్ళనే చూస్తోంది. నవ్వులు ఆగిపోయాయి. హారన్లు కూడా ఆగాయి. నా పక్కన ఫోను ఎత్తిన కుర్రది, అందులో తల పట్టక, విసుక్కుని ఫోను దించేసి కళ్ళతో చూసింది.

ముందు పలికింది రొట్టెల కొట్టు విటాంజెలో. అరవై ఏళ్ళవాడు, టోపీ తీసి పట్టుకుని, సిగ్గుపడుతూ, "కొట్టు మూసేశాను పాస్కత్తా, ఇంటికే!" అని అరిచాడు. ఎవరో కిసుక్కుమన్నారు. అంతలో ఇంకొక గొంతు, "అమ్మకి నయమైంది పాస్కత్తా!" తర్వాత ఒక ముసలాయన, "పేకాటకి కాదు, ఒట్టు!" ఇక వీధి ఆగలేదు. పిల్లకి పెళ్ళి కుదిరిందని, కొడుకు జర్మనీ వెళ్ళాడని, కాలు నొప్పి తగ్గలేదని, నాలుగేళ్ళ బాకీ బదుళ్ళన్నీ ఆ పూట చెప్పుకున్నారు. నేను ఏడుస్తున్నానని నాకు చొక్కా తడిసేదాకా తెలీలేదు.

ఎర్మెలిందా వేదిక దిగొచ్చింది. ఒక్కతే. ఎత్తు చెప్పులు చేత్తో పట్టుకుని, జనాన్ని తోసుకుంటూ వచ్చి నాన్న పక్కన నిలబడి తలెత్తింది. కార్యదర్శి ముఖం కాస్తా ఎటు పోయిందో పోయింది. అక్కడ నిలబడ్డది సందులోంచి ఇంటికి ఆలస్యంగా వస్తూ పట్టుబడ్డ పిల్ల.

"ఇంటికే వెళ్తున్నా పాస్కత్తా," అంది చిన్నగా.

నాన్న ఆ పిల్ల వైపు చూడను కూడా చూడలేదు. పైకే చూస్తున్నాడు.

"వినబడలేదట," అన్నాడు. "గట్టిగా చెప్పు."